లోపలికి పడే వాయువు బయటికి ఎందుకు దూసుకొస్తుంది?

అచ్చంపేట దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో సైన్సు బోధిస్తున్న మీరు మూడు విషయాలు అడిగారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన, పుడుతున్న నక్షత్రం నుంచి వాయువు రెండు వైపులా చిమ్ముతున్న హెర్బిగ్–హారో 211, పొట్టిగా హెచ్‌హెచ్ 211 చిత్రాన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిస్తే ఒక అమ్మాయి లేచి, “నక్షత్రం పుట్టాలంటే వాయువు లోపలికి పడాలి కదా సార్, మరి ఇది రెండు వైపులా బయటికి ఎందుకు పోతోంది?” అని అడిగిందన్నారు. అది మొదటిది. ఆ చిత్రంలోని రంగులు నిజమైనవేనా అన్నది రెండోది. మన నల్లమల అంచున నిలబడి ఇలాంటివి చూడగలమా అన్నది మూడోది.

నల్గొండలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. నక్షత్రాల పుట్టుక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. అందుకే ఆ అమ్మాయి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను. ఖగోళ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న సరిగ్గా అదే. ముందుగా ఆమెకు ఇలా చెప్పండి: ఆ కొద్ది వాయువు బయటికి పోబట్టే మిగిలిన వాయువు లోపలికి పడగలుగుతోంది. ఇలా సన్నని ధారగా బయటికి దూసుకుపోయే వాయువునే జెట్టు అంటారు. ఆ జెట్టే నక్షత్రం పుట్టుకకు దారి ఇస్తుంది.

ఎలాగంటారా? మన పాఠ్యపుస్తకాలు “వాయు మేఘం తన గురుత్వాకర్షణకు తానే కుంచించుకుపోయి నక్షత్రంగా మారుతుంది” అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ మేఘం తిరుగుతూ ఉంటుందన్న మాట అందులో లేదు. ఆ మాట లేకుండా జెట్టు గురించి ఎంత చెప్పినా పిల్లలకు అది ఒక వింతగానే మిగిలిపోతుంది.

తిరుగుడు ఎంత పెద్ద చిక్కో చిన్న లెక్క వేసి చూద్దాం. నక్షత్రంగా మారబోయే మేఘపు దట్టమైన నడిమి ముద్దకు వ్యాసార్ధం సుమారు కాంతి సంవత్సరంలో మూడో వంతు ఉంటుంది. అంటే మూడు లక్షల కోట్ల కిలోమీటర్లు. అది తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి లక్షల సంవత్సరాలు పడుతుంది. లెక్క కోసం 60 లక్షల ఏళ్లు అనుకుందాం. మనిషి కంటికి అది కదలనట్టే. ఇప్పుడు అదంతా సూర్యుడంత పరిమాణానికి, అంటే ఏడు లక్షల కిలోమీటర్ల వ్యాసార్ధానికి కుంచించుకుపోవాలి. వ్యాసార్ధం సుమారు 44 లక్షల రెట్లు తగ్గుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో మనం చెప్పే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం, వ్యాసార్ధం తగ్గిన కొద్దీ తిరిగే వేగం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. 44 లక్షల వర్గం దాదాపు 20 లక్షల కోట్లు. 60 లక్షల ఏళ్లను దానితో భాగిస్తే వచ్చేది ఎంతో తెలుసా? దాదాపు పది సెకన్లు.

సూర్యుడంత బంతి పది సెకన్లకు ఒకసారి తిరగాలన్నమాట. అది అసాధ్యం. సూర్యుడంత ద్రవ్యరాశి, సూర్యుడంత పరిమాణం ఉన్న గోళం సుమారు 2 గంటల 45 నిమిషాలకన్నా తక్కువ సమయంలో ఒక చుట్టు తిరిగితే, నడుము దగ్గరి పదార్థాన్ని దాని సొంత గురుత్వం పట్టి ఉంచలేదు, చెదిరిపోతుంది. నిజానికి నేటి సూర్యుడు మధ్యరేఖ దగ్గర 25 రోజులకు ఒకసారి, ఎంతో తీరికగా తిరుగుతున్నాడు. అంటే పుట్టుకలో ఎక్కడో ఆ తిరుగుడు దాదాపు మొత్తం ఎవరికో అప్పగించేశాడు. ఎవరికి? ఎలా? జెట్టు కథ ఇక్కడే మొదలవుతుంది. పిల్లలకు బోర్డు మీద ఈ లెక్క చేసి చూపించండి. సున్నాలు లెక్కపెట్టడం ఎనిమిదో తరగతికి కష్టమేమీ కాదు. చివర్లో పది సెకన్లు అని తేలినప్పుడు వాళ్లకు కలిగే ఆశ్చర్యమే సగం పాఠం.

తిరుగుతూ కుంచించుకుపోయే వాయువు నేరుగా మధ్యకు పడలేదు. అక్షం వెంబడి కిందికీ పైకీ దిగగలదు గానీ, అక్షానికి దగ్గరవుతున్న కొద్దీ తిరుగుడు అడ్డుపడుతుంది. అందువల్ల శిశు నక్షత్రం చుట్టూ వాయువూ ధూళీ కలిసి బల్లపరుపు డిస్కుగా పరుచుకుంటాయి. ఆ డిస్కులో ప్రతి కణమూ సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగినట్టు తిరుగుతూ ఉంటుంది. భూమి వందల కోట్ల ఏళ్లుగా తిరుగుతున్నా సూర్యుడిలో పడిపోవడం లేదు కదా. అలాగే డిస్కులోని వాయువు కూడా ఏదో ఒకటి దాని తిరుగుడును లాక్కుంటే తప్ప లోపలికి దిగదు. కొంత తిరుగుడు డిస్కులోనే లోపలి పొరల నుంచి బయటి పొరలకు బదిలీ అవుతుంది. అది ఒక దారి. కానీ నక్షత్రానికి బాగా దగ్గరగా, వాయువు వేగంగా తిరిగే చోట ముఖ్యమైన పని చేసేది ఇంకొకటి. అదే జెట్టు.

పాలమూరు జొన్న చేలల్లో పిట్టలను తోలడానికి మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవారిని మీ పిల్లల్లో కొందరైనా చూసి ఉంటారు, కనీసం వాళ్ల తాతలు చెప్పగా విని ఉంటారు. చెయ్యి తిరిగేది చిన్న వృత్తంలోనే. తాడు చివర రాయి మాత్రం పెద్ద వృత్తంలో, చేతికన్నా ఎన్నో రెట్ల వేగంతో తిరుగుతుంది. డిస్కులో చెయ్యి స్థానంలో ఉన్నది తిరుగుతున్న వాయువు, తాడు స్థానంలో ఉన్నవి అయస్కాంత బలరేఖలు. మేఘం కుంచించుకుపోయినప్పుడు తనలోని బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట లాక్కొని వస్తుంది. ఆ బలరేఖలు డిస్కులో నాటుకుని, పైకీ కిందికీ బయటికి వాలి నిలుస్తాయి. డిస్కు తిరిగితే అవీ తిరుగుతాయి. బలరేఖ మీద ఉన్న వాయువు ఆ రేఖను దాటి పక్కకు పోలేదు, దాని వెంట మాత్రం జారగలదు. జారి అక్షానికి దూరంగా పోయిన కొద్దీ రేఖ దాన్ని ఇంకా వేగంగా తిప్పుతుంది, వేగం పెరిగిన కొద్దీ ఇంకా బయటికి విసురుతుంది.

పోలిక ఇక్కడితో ఆగిపోతుందని కూడా పిల్లలకు చెప్పాలి. వడిసెలలో తాడు వదిలితే రాయి ఎటు పోతే అటు పోతుంది. ఇక్కడ అలా జరగదు. కొంత దూరం పోయాక వాయువు వేగం బలరేఖల పట్టును మించుతుంది. ఆ హద్దును, 1970లో నోబెల్ బహుమతి పొందిన స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్వెన్ పేరుతో, ఆల్ఫ్వెన్ తలం అంటారు. అక్కడి నుంచి బలరేఖే వాయువు వెనక సాగిపోతూ అక్షం చుట్టూ చుట్టలు చుట్టుకుంటుంది. ఆ చుట్టలు లోపలి వాయువును అక్షం వైపు బిగిస్తాయి. నాలుగు దిక్కులా చెదిరిపోవలసిన వాయువు సన్నని ధారగా, డిస్కుకు నిలువుగా రెండు వైపులా దూసుకుపోవడానికి కారణం ఆ బిగింపే. ఆ అమ్మాయి “రెండు వైపులా” అన్నది ఎంత సూక్ష్మంగా గమనించిందో చూడండి. డిస్కుకు రెండు ముఖాలు ఉన్నాయి కనుకే జెట్లు కూడా రెండు.

బలరేఖ డిస్కు అక్షం నుంచి 30 డిగ్రీలకు మించి బయటికి వాలి ఉంటే, చల్లటి వాయువు కూడా దానంతట అదే బయటికి విసిరివేయబడుతుందని 1982లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, డేవిడ్ పేన్ లెక్కగట్టి చూపించారు. వాళ్లు ఆలోచించింది నక్షత్రాల గురించి కాదు, కృష్ణ బిలాల చుట్టూ ఉండే డిస్కుల గురించి. మరుసటి ఏడాది రాల్ఫ్ పుడ్రిట్జ్, కాలిన్ నార్మన్ అదే ఆలోచనను శిశు నక్షత్రాలకు అన్వయించారు.

డిస్కులో వాయువు అంతా ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు, కాదు కదా, మామూలు అణువులను అయస్కాంత క్షేత్రం ఎలా పట్టుకుంటుంది అని మీకే సందేహం రావచ్చు. నిజమే, అందులో విద్యుదావేశం ఉన్న కణాలు చాలా కొద్ది. విశ్వ కిరణాలూ, నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలూ అక్కడక్కడా అణువులను అయనీకరిస్తాయి. క్షేత్రం పట్టుకునేది ఆ కొద్దిపాటి అయాన్లనే. అవి చుట్టుపక్కల అణువులను ఢీకొంటూ వాటిని కూడా వెంట ఈడ్చుకుపోతాయి. జెట్టులో కూడా చాలాచోట్ల వాయువు పాక్షికంగానే ప్లాస్మా.

ఇప్పుడు అసలు గుట్టు. ఆల్ఫ్వెన్ తలం, బలరేఖ పాదం ఉన్న చోటుకన్నా అక్షం నుంచి మూడు రెట్లు దూరంలో ఉందనుకోండి. అక్కడి దాకా పోయిన ప్రతి గ్రాము వాయువూ తన వంతుకన్నా మూడు రెట్ల వర్గం, అంటే తొమ్మిది రెట్ల కోణీయ ద్రవ్యవేగాన్ని మోసుకుపోతుంది. అంటే ఒక్క గ్రాము బయటికి పోతే సుమారు ఎనిమిది, తొమ్మిది గ్రాములు తమ తిరుగుడు వదిలించుకుని లోపలికి దిగవచ్చు. పరిశీలనల్లో కూడా లోపలికి పడే పదార్థంలో జెట్టుగా పోయేది చాలావరకు పదో వంతు దగ్గరలోనే కనిపిస్తుంది. నాకు ఈ లెక్క ఎప్పుడు చెప్పినా ఒళ్లు పులకరిస్తుంది. కాగితం మీద ఇంటర్ విద్యార్థి చేయగలిగిన గుణకారం, వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలోని వస్తువును ఇంత దగ్గరగా పట్టుకుంటుంది.

ఈ లెక్క నుంచే ఇంకొకటి కూడా తెలుస్తుంది. జెట్టు చివరి వేగం, అది బయలుదేరిన చోట వాయువు ఎంత వేగంతో తిరుగుతోందో దానిపై ఆధారపడుతుంది. నక్షత్రానికి ఎంత దగ్గరగా బయలుదేరితే అంత వేగం. సూర్యుడి ఉపరితలం నుంచి పలాయన వేగం, అంటే దాని గురుత్వాన్ని తప్పించుకుని పోవడానికి కావలసిన వేగం, సెకనుకు 618 కిలోమీటర్లు. శిశు నక్షత్రాలు అంతకన్నా ఉబ్బి, తక్కువ ద్రవ్యరాశితో ఉంటాయి కనుక వాటి జెట్ల వేగం ఎక్కువగా సెకనుకు 100 నుంచి 400 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. నల్గొండ నుంచి హైదరాబాదు దూరాన్ని సెకనులో మూడో వంతులో దాటే వేగం. అదే కృష్ణ బిలం దగ్గరి జెట్టయితే కాంతి వేగానికి చేరువవుతుంది. 1918లో హీబర్ కర్టిస్ ఎం87 అనే గెలాక్సీలో చూసిన సూటి కిరణం అలాంటిదే. యంత్రం తీరు ఒకటే, గురుత్వపు బావి లోతు వేరు.

ఇదంతా సిద్ధాంతమే కదా, ఎవరైనా చూశారా అని పిల్లలు అడగాలి, అడగకపోతే మీరే అడిగించండి. రెండు సాక్ష్యాలు చెబుతాను. తిరుగుడును మోసుకుపోయే జెట్టు తానూ తిరుగుతూ ఉండాలి. ఓరియన్ రాశిలోని హెచ్‌హెచ్ 212 అనే జెట్టు దీనికి చక్కని పరీక్ష. అది మనకు పక్క నుంచి కనిపిస్తుంది, రెండు వైపులా దాని ముడులు అద్దంలో బింబంలా సరిపోతాయి. తైవాన్‌కు చెందిన చిన్-ఫే లీ బృందం చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల వరుసతో దాన్ని పరిశీలించింది. జెట్టు ఒక అంచు మనవైపు, రెండో అంచు అవతలివైపు కొద్దిగా కదులుతున్నాయని, అంటే జెట్టు తిరుగుతోందని 2017లో ప్రకటించింది. ఆ తిరుగుడు నుంచి వెనక్కి లెక్కవేస్తే జెట్టు పుట్టిన చోటు నక్షత్రం నుంచి భూమి–సూర్యుడి మధ్య దూరంలో ఇరవయ్యో వంతు దగ్గర తేలింది. అంటే డిస్కు లోపలి అంచు.

రెండోది అయస్కాంత క్షేత్రం. హెచ్‌హెచ్ 80–81 అనే జెట్టు బరువైన శిశు నక్షత్రం నుంచి వస్తుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న వి.ఎల్.ఎ. రేడియో టెలిస్కోపుతో 2010లో కార్లోస్ కరాస్కో-గొంజాలెజ్ బృందం దాని రేడియో కాంతిలో ధ్రువణాన్ని, అంటే తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో కంపించడాన్ని, కనిపెట్టింది. అయస్కాంత రేఖల చుట్టూ దాదాపు కాంతి వేగంతో తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చే కాంతి అది. క్షేత్రం జెట్టు వెంబడే సాగి ఉందని దానివల్ల తెలిసింది. అదే జెట్టును మన దేశంలో పుణే దగ్గర నారాయణ్‌గావ్ పక్కన ఉన్న జి.ఎం.ఆర్.టి. రేడియో టెలిస్కోపుతో కూడా పరిశీలించారు. మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

జెట్టు డిస్కులో సరిగ్గా ఎక్కడ మొదలవుతుందన్న వాదన మాత్రం ఇంకా నడుస్తోంది. నక్షత్రపు సొంత అయస్కాంత క్షేత్రం డిస్కును తాకే ఒకే సన్నని వలయం నుంచి అని ఫ్రాంక్ షూ 1994లో ప్రతిపాదించారు. డిస్కులో విశాలమైన ప్రాంతం నుంచి అని మరికొందరంటారు. లోపలి నుంచి వేగమైన సన్నని ధార, దాని చుట్టూ బయటి నుంచి మెల్లని వెడల్పాటి గాలి, ఈ రెండూ కలిసే ఉంటాయని నాకు అనిపిస్తుంది. వెబ్ చిత్రాల్లో ఒకదానిలో ఒకటి ఇమిడిన పొరలు కనిపిస్తుండడం దానికే బలమిస్తోంది.

ఇవి కనిపెట్టిన తీరు కొద్దిగా చెబుతాను. 1890లో షెర్బర్న్ బర్న్‌హామ్ వృషభ రాశిలోని టి టారీ నక్షత్రం పక్కన చిన్న మసక మచ్చను చూశారు. అది ఏమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1940ల చివర అమెరికాలో జార్జ్ హెర్బిగ్, మెక్సికోలో గియెర్మో హారో ఒకరికొకరు తెలియకుండా ఓరియన్ రాశిలో అలాంటి మచ్చలను పట్టుకున్నారు. వాటి మధ్య వాటిని వెలిగించే నక్షత్రం కనిపించలేదు. సోవియట్ ఆర్మీనియాకు చెందిన విక్టర్ అంబార్ట్సుమియన్ వాటికి ఆ ఇద్దరి పేర్లు పెట్టి, ఇవే పుడుతున్న నక్షత్రాలేమోనని ఊహించారు. ఆ ఊహ నిలవలేదు. 1975లో రిచర్డ్ ష్వార్ట్జ్, ఆ మచ్చల వర్ణపటం పేలిన నక్షత్రాల శకలాల్లో కనిపించే షాక్ తరంగాల వర్ణపటాన్ని పోలి ఉందని గుర్తించారు. శిశు నక్షత్రం నుంచి వేగంగా వచ్చే వాయువు దేన్నో ఢీకొంటోందన్నమాట.

ఆ తర్వాత వచ్చిన ఘట్టం నాకు చాలా ఇష్టం. 1981లో హెర్బిగ్, బర్టన్ జోన్స్ పాత ఫొటో పలకలతో కొత్తవాటిని పోల్చి, హెచ్‌హెచ్ 1, హెచ్‌హెచ్ 2 ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో పరుగెత్తుతున్నాయని చూపించారు. అయితే వాటిని విసిరింది వాటి మధ్యలో ఉండాలి. అక్కడ ఫొటోల్లో ఏమీ లేదు. 1985లో రేడియో టెలిస్కోపు సరిగ్గా ఆ మధ్య చోటే, దట్టమైన ధూళి వెనక దాక్కున్న శిశు నక్షత్రాన్ని పట్టుకుంది. ఈలోగా 1980లో స్నెల్, లోరెన్, ప్లాంబెక్ అనే ముగ్గురు వృషభ రాశిలోని ఎల్1551 మేఘంలో చల్లటి వాయువు రెండు వైపులా విడిపోతూ ఉండటాన్ని చూశారు. 1983లో ముంట్, ఫ్రీడ్ శిశు నక్షత్రాలకు అంటుకుని ఉన్న సన్నని జెట్లను నేరుగా ఫొటో తీశారు. విడివిడిగా ఉన్న మచ్చలన్నీ అప్పుడు ఒక గీత మీదికి వచ్చాయి.

ఇక్కడ మన ప్రాంతం మాట ఒకటి. హెర్బిగ్ వాడినది 36 అంగుళాల అద్దమున్న క్రాస్లీ టెలిస్కోపు. మన ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో 1960ల చివర నెలకొల్పిన టెలిస్కోపు అద్దం 48 అంగుళాలు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ వేధశాల మీదుగానే పోయింది. నగరపు వెలుగులు ఆ వైపుకు పాకి ఆకాశాన్ని కడిగేస్తున్నాయన్నది నా బాధ. దక్షిణ తెలంగాణలో చీకటి ఆకాశం మిగిలి ఉన్న చోట్లను మనం ఆస్తిగా చూసుకోవాలి. మీ ఊరు అందులో ఒకటి.

రంగుల విషయం. హెచ్‌హెచ్ 211 పెర్సియస్ రాశిలో, సుమారు వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని నడుమ ఉన్న శిశు నక్షత్రం ద్రవ్యరాశి సూర్యుడిలో 8 శాతమే. మన సూర్యుడు పుట్టి కొన్ని పదుల వేల ఏళ్లు మాత్రమే అయినప్పుడు ఇలాగే ఉండి ఉంటాడు. చుట్టూ ధూళి ఎంత దట్టమంటే కంటికి కనిపించే కాంతి బయటికి రాదు. వెబ్ చూసింది పరారుణ కాంతిని. ఆ తరంగదైర్ఘ్యాలను మన కన్ను పట్టలేదు కనుక, ఒక్కోదానికి ఒక్కో రంగు కేటాయించి చిత్రం చేశారు. కనుక రంగులు కేటాయించినవి, వాటి మధ్య తేడాలు మాత్రం నిజమైనవి. ఎక్కడ హైడ్రోజన్ అణువులు మెరుస్తున్నాయో, ఎక్కడ కార్బన్ మోనాక్సైడ్ ఉందో ఆ తేడాలే చెబుతాయి. ఈ జెట్టులో షాక్ తరంగాలు అణువులను విడగొట్టేంత బలంగా లేవు, అందుకే అణువులు చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి. ధూళి పలచబడిన పాత జెట్లలో అయితే 656.3 నానోమీటర్ల వద్ద హైడ్రోజన్, 671.6, 673.1 వద్ద గంధకపు అయాన్లు మెరుస్తాయి. అవి నిజంగానే ఎర్రగా ఉంటాయి.

చిత్రంలో జెట్టు తెంపు లేని గీతలా కాకుండా ముడులు ముడులుగా ఎందుకుందో కూడా పిల్లలకు చూపించండి. డిస్కు నుంచి నక్షత్రం మీదికి వాయువు ఒకే తీరున పడదు. కొన్నాళ్లు తక్కువ, ఒక్కసారిగా ఎక్కువ. 1936లో ఎఫ్‌యు ఓరియోనిస్ అనే మసక నక్షత్రం ఉన్నట్టుండి వంద రెట్లకు పైగా వెలిగిపోయింది, కారణం ఇలాంటి ఉప్పెనే. లోపలికి ఎక్కువ పడినప్పుడు జెట్టు కూడా వేగంగా పోతుంది, ముందుపోయిన మెల్లని వాయువును వెనక నుంచి ఢీకొంటుంది, అక్కడ ముడి వెలుగుతుంది. కనుక జెట్టు పొడవునా ఆ నక్షత్రపు ఎదుగుదల చరిత్ర రాసి ఉంటుంది. హెచ్‌హెచ్ 211 జెట్టు కొద్దిగా వంకరలు పోతుంది కూడా. నడుమ ఉన్నది ఒకటి కాక ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట కావచ్చన్నది దానికి చెబుతున్న వివరణ.

ఈ కదలికను కళ్లారా చూడవచ్చు. సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే ముడి ఏడాదికి దాదాపు 950 కోట్ల కిలోమీటర్లు కదులుతుంది. ఓరియన్ దూరం నుంచి చూస్తే అది ఒక ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3,600వ వంతులో) ఏడో వంతు. హబుల్ టెలిస్కోపుకు ఆ మాత్రం చాలు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రిక్ హార్టిగన్ బృందం ఏళ్ల తరబడి హబుల్ తీసిన చిత్రాలను వరుసగా పేర్చి, హెచ్‌హెచ్ 1, 2, 34, 47 జెట్లు ముందుకు సాగడాన్ని చలనచిత్రంగా 2011లో విడుదల చేసింది. తరగతిలో అది చూపించండి. ఆకాశంలోని వస్తువులు మనిషి జీవితకాలంలో కదలవని అనుకునే పిల్లలకు అది పెద్ద కనువిప్పు.

ఇంకొక చిత్రం కూడా చూపించమంటాను. 2024 జూన్‌లో వెబ్ విడుదల చేసిన సర్పెన్స్ నీహారిక చిత్రంలో, పక్కపక్కనే పుడుతున్న నక్షత్రాల జెట్లు చాలావరకు ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. జెట్టు ఎప్పుడూ తిరుగుడు అక్షం వెంటే పోతుంది. కనుక ఆ నక్షత్రాలన్నీ తమ తల్లి మేఘం తిరుగుడును ఉమ్మడిగా పంచుకున్నాయన్నమాట. ముందు చేసిన పది సెకన్ల లెక్కకు ఇంతకన్నా అందమైన బొమ్మ నాకు తెలియదు.

ఇక చూడటం. సూటిగా చెబితే, జెట్టు మామూలు కంటికి కనిపించదు, బైనాక్యులర్‌లోనూ కనిపించదు. కానీ అవి పుట్టే చోటును మీ బడి ఆవరణ నుంచే వేలెత్తి చూపించవచ్చు. రోహిణి, మృగశిర కార్తెల్లో, అంటే మే చివరి నుంచి జూన్ మూడో వారం దాకా, మన రైతులు వాన కోసం ఎదురుచూసే రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఆ దిక్కునే ఉంటాడు, అప్పుడు ఏమీ కనిపించదు. ఆరు నెలలు ఆగండి. డిసెంబరు మధ్యలో అర్ధరాత్రికి, సంక్రాంతికి రాత్రి పది దాటాక, ఫిబ్రవరి మధ్యలో ఎనిమిది గంటలు దాటాక ఓరియన్ ఆకాశంలో నడినెత్తికి కొద్దిగా దక్షిణంగా నిలుస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు దాని నడుము. వాటి కింద, దక్షిణం వైపు వేలాడే చిన్న చుక్కల వరుసలో మధ్యది మసకగా ఉంటుంది. అదే ఓరియన్ నీహారిక, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. బైనాక్యులర్‌లో అది మేఘంలా విచ్చుకుంటుంది.

చాచిన చేతి చిటికెన వేలి వెడల్పు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ. ఓరియన్ నీహారిక నుంచి దక్షిణంగా అంత దూరం జరిగితే హెచ్‌హెచ్ 34 ఉన్న చోటు, ఇంకో మూడో వంతు డిగ్రీ జరిగితే హెచ్‌హెచ్ 1, హెచ్‌హెచ్ 2 ఉన్న చోటు. వాటి పక్కనే ఎన్‌జీసీ 1999 అనే చిన్న నీహారిక ఉంటుంది, చీకటి రాత్రి మంచి టెలిస్కోపులో మసక మచ్చలా దొరుకుతుంది. హెర్బిగ్, హారో వెతికిన చోటు అదే. అక్కడి నుంచి వాయవ్యంగా, రోహిణి నక్షత్రం దాటి కృత్తికల వైపు కొద్దిగా వెళితే బర్న్‌హామ్ చూసిన టి టారీ ఉన్న దిక్కు. పిల్లలకు ఈ రెండు దిక్కులూ గుర్తుంటే వెబ్ చిత్రం ఇక ఎక్కడిదో తెలియని బొమ్మగా మిగలదు.

దగ్గరి కళాశాలలో ఎవరిదగ్గరైనా ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, దానికి తగిలించే ఖగోళ కెమెరా, 656 నానోమీటర్ల దగ్గరి కాంతిని మాత్రమే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు ఉంటే, కొన్ని గంటల పాటు తీసిన ఫొటోలను కలిపి హెచ్‌హెచ్ 1, 2 మచ్చలను నమోదు చేయవచ్చు. ప్రపంచంలో ఎందరో ఔత్సాహికులు తమ పెరట్లోంచి ఈ పని చేస్తున్నారు. శ్రీశైలం దారిలో అడవి లోపల చీకటి ఇంకా బాగుంటుందని ఆశపడి పిల్లలను అటు తీసుకుపోకండి. పులుల అభయారణ్యం కనుక రాత్రి తొమ్మిది తర్వాత అక్కడ వాహనాలను అనుమతించరు. బడి మైదానంలో వీధి దీపానికి అడ్డంగా ఒక గోడ ఉంటే చాలు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం ఇరవై నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టించండి. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న వారం రోజులను ఎంచుకోండి, ఎందుకంటే చంద్రుడుంటే నీహారిక అంచులు కంటికి ఆనవు.